వాంతులు కట్టిన మందులు

గోపన్‌పల్లి తండా చౌరస్తా నుంచి నల్లగండ్ల దాకా రోడ్డు పొడవునా మందుల దుకాణాలే. ఒకప్పుడు శేరిలింగంపల్లి మండలంలో మామూలు పల్లె అయిన ఈ ఊరు, పక్కన యూనివర్సిటీ, చుట్టూ ఐటీ క్యాంపస్‌లు, ఆకాశాన్ని కమ్మేసిన అపార్ట్‌మెంట్లతో నగరంలో కలిసిపోయింది. పెద్దాసుపత్రులు కూడా ఇటువైపే వచ్చాయి. ఆ దుకాణాల్లో దేనికి వెళ్లినా ఓండాన్‌సెట్రాన్ అనే వాంతుల మాత్ర దొరుకుతుంది. పిల్లవాడు పాలు కక్కినా, రాత్రి తిన్న బిర్యానీ పడకపోయినా, అరకు ప్రయాణం పెట్టుకున్నా జనం అడిగేది దాన్నే. డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన మందన్న సంగతి కొనేవారికీ గుర్తుండదు, అమ్మేవారికీ గుర్తుండదు.

ఆ మాత్రను కనిపెట్టింది బిర్యానీ కోసం కాదు. క్యాన్సర్ మందు ఎక్కించుకుని రోజుకు పది పదిహేనుసార్లు కక్కుకుని, మళ్లీ ఆసుపత్రి గుమ్మం తొక్కనని మొండికేసిన రోగుల కోసం. దాని వెనుక వందేళ్లకు పైబడిన వెతుకులాట ఉంది. ఆ వెతుకులాటలో హైదరాబాద్ రెండుసార్లు ముఖ్యపాత్ర పోషించింది. ఒకసారి నిజాం కాలపు ఆపరేషన్ బల్ల దగ్గర, మరోసారి బాలానగర్ తర్వాతి తరం మందుల ఫ్యాక్టరీల్లో. మధ్యలో ఒక భీమవరం బిడ్డ అమెరికా నుంచి చేసిన పని కూడా ఉంది.

మొదట ఆపరేషన్ సంగతి.

1846 అక్టోబర్‌లో బోస్టన్‌లో ఈథర్‌తో మత్తిచ్చి ఆపరేషన్ చేసి చూపించారు. మరుసటి ఏడాది నవంబర్‌లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫామ్ వాడకం మొదలుపెట్టాడు. నొప్పి పోయింది. కానీ మెలకువ వచ్చిన రోగి కక్కుకోవడం మొదలైంది. కలరా నీటి ద్వారా వస్తుందని తేల్చిన జాన్ స్నోనే లండన్‌లో తొలితరం మత్తు వైద్యుడు కూడా. మత్తు తర్వాతి వాంతుల గురించి ఆయన 1848లోనే రాశాడు. కడుపు నిండుగా ఉంటే ముప్పు ఎక్కువని అప్పటికే గమనించారు. స్పృహ లేని మనిషికి వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి జారి ప్రాణం తీస్తుంది. కుట్లు వేసిన పొట్ట వాంతి తెరలకు అదిరి కుట్లు తెగితే మళ్లీ మొదటికొస్తుంది. యాంటీసెప్టిక్ శస్త్రచికిత్సకు ఆద్యుడైన జోసెఫ్ లిస్టర్ 1883లో ఒక సలహా ఇచ్చాడు. మత్తుకు ముందు కడుపులో గట్టి ఆహారం ఉండకూడదు, రెండు గంటల ముందు కప్పు టీ తాగితే మాత్రం మంచిదే అన్నాడు. తర్వాతి తరాలు ఈ మాటను మరిచిపోయి, రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టొద్దనే కఠిన నియమంలోకి జారుకున్నాయి. మళ్లీ లిస్టర్ మాట దగ్గరికి రావడానికి వందేళ్లు పట్టింది.

ఆ కాలంలో హైదరాబాద్ ఏం చేస్తోంది? 1846లోనే ఇక్కడ మెడికల్ స్కూల్ మొదలైంది. 1866లో సాలార్‌జంగ్ హయాంలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వచ్చింది. 1908 మూసీ వరదలో అది దెబ్బతిన్నాకే ఉస్మానియా ఆసుపత్రి కట్టారు. 1885లో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా ఎడ్వర్డ్ లారీ వచ్చాడు. ఎడిన్‌బరోలో చదువుకున్న ఆయనకు క్లోరోఫామ్ మీద గట్టి నమ్మకం. క్లోరోఫామ్ వల్ల రోగి చనిపోతే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది అప్పట్లో ఐరోపాను రెండుగా చీల్చిన ప్రశ్న. ముందు ఊపిరే ఆగుతుంది, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు అని లారీ వాదన. దాన్ని తేల్చడానికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ పనిచేసింది. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ ఆ ఫలితాన్ని నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని నిజాం 1,000 పౌండ్లు ఇచ్చాడు. 1889 చివర్లో లండన్ నుంచి లాడర్ బ్రంటన్ హైదరాబాద్ వచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, రెండో కమిషన్ కూడా లారీ పక్షానే మాట్లాడింది.

లారీ తప్పు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో ఉన్న పిల్లుల గుండె లయ చెదిరి ఉన్నట్టుండి ఆగిపోగలదని నిరూపించాడు. అంటే గుండె ముందే ఆగవచ్చు. అయినా హైదరాబాద్ కమిషన్ వృథా అనుకోనక్కర్లేదు. ఒక మందు మేలు చేస్తుందని తెలిసినా, అది ప్రాణానికి ఎక్కడ ఎసరు పెడుతుందో సర్కారు సొమ్ముతో, ప్రత్యర్థిని పిలిపించి మరీ పరీక్షించిన ఊరు ఆ రోజుల్లో ప్రపంచంలో మరొకటి చెప్పడం కష్టం. లారీ శిష్యులు రోగి ఊపిరి మీద కన్ను వేసి మత్తివ్వడం నేర్చుకున్నారు. వారిలో ఒకరు రూపాబాయి ఫర్దూంజీ. 1885లో మెడికల్ స్కూల్‌లో చేరిన తొలి మహిళల్లో ఒకరు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్లోరోఫామ్ ఇచ్చే పనిలో ఆరితేరి, 1909లో ఎడిన్‌బరో వెళ్లి ఇంకా చదువుకున్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చాలామంది చరిత్రకారులు గుర్తిస్తున్నారు.

గుండెనా, ఊపిరా అన్న ఆ ప్రశ్న వందేళ్ల తర్వాత వాంతి మందుల విషయంలో మళ్లీ లేచింది.

ఇక క్యాన్సర్. దానికి కత్తి, రేడియం తప్ప మరో దారి లేని రోజుల్లో, రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1942లో యేల్ యూనివర్సిటీలో గుడ్‌మన్, గిల్మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు యుద్ధ విషవాయువు నుంచి పుట్టిన నైట్రోజన్ మస్టర్డ్‌ను లింఫ్ గ్రంథుల క్యాన్సర్ మీద ప్రయోగించారు. గడ్డలు కరిగాయి. కానీ మందు ఎక్కిన కొన్ని గంటల్లోనే వాంతులు. తర్వాత ఆరేళ్లకు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాకు అమినోప్టెరిన్ ఇచ్చి తాత్కాలికంగానైనా జబ్బును వెనక్కి తగ్గించగలిగాడు. ఆ మందు లెడర్లీ కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన బృందం నుంచి వచ్చింది. భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావు, ఫార్బర్ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో కన్నుమూశారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. ఆ తొలి కీమో మందుల నుంచే మోతాదుకూ బాధకూ మధ్య బేరం మొదలైంది. నోటి పుండ్లు, తెల్లరక్తకణాల పతనం, వికారం, వాంతులు. జబ్బు తగ్గాలంటే మోతాదు పెంచాలి, మోతాదు పెంచితే మనిషి తట్టుకోవాలి.

హైదరాబాద్‌లో 1955లో రెడ్‌హిల్స్ దగ్గర మెహదీ నవాజ్ జంగ్ పేరిట క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. రాష్ట్రం నలుమూలల నుంచీ పేదవాళ్లు చేరే చోటు అదే. జనం నోట అది ఎంఎన్‌జే. అప్పట్లో చికిత్స ప్రధానంగా రేడియేషనే. తర్వాత కీమో వచ్చింది, దాంతో మంచం పక్కన బేసిన్ కూడా వచ్చింది.

కీమో వాంతులకు మొదట చేతికందినవి మానసిక జబ్బుల మందులు. 1950 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లో తయారైన క్లోర్‌ప్రొమజైన్‌ను ఆపరేషన్ రోగుల్ని శాంతపరచడానికే ముందు వాడి చూశారు. అది వాంతుల్ని కూడా కట్టిస్తుందని బయటపడింది. దాని చెల్లెలు ప్రోక్లోర్‌పెరజైన్, మనవాళ్లు స్టెమెటిల్ అనే మందు, ఇప్పటికీ కళ్లు తిరగడానికి రాస్తూనే ఉంటారు. అదే కాలంలో బోరిసన్, వాంగ్ అనే శాస్త్రవేత్తలు మెదడు అడుగున, నాలుగో కుహరం నేల మీద ఒక చిన్న చోటు ఉందనీ, రక్తంలో విషం కనిపిస్తే వాంతి గంట మోగించేది అదేననీ చూపించారు. ఆ చోట రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ పల్చన. అందుకే కీమో మందు నేరుగా దాన్ని తడుతుంది.

1964లో ఫ్రాన్స్ నుంచే మెటోక్లోప్రమైడ్ వచ్చింది. మన ఇళ్లలో పెరినార్మ్ పేరుతో తెలిసినది. కడుపులోని ఆహారాన్ని ముందుకు తోస్తుంది, మెదడులోని ఆ చోటునూ అదుపు చేస్తుంది. అదనంగా ఒక చిక్కు తెచ్చింది. ముఖ్యంగా చిన్నవాళ్లలో, యువతుల్లో ఒక ఇంజెక్షన్ పడగానే మెడ పక్కకు తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి లాగేసుకోవడం, నాలుక బిగుసుకోవడం జరుగుతుంది. చూసేవాళ్లు ఫిట్స్ అనుకుని, కొన్నిచోట్ల గాలి సోకిందనుకుని హడలిపోతారు. అది మందు చేసిన పని, దానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, నిమిషాల్లో తగ్గుతుంది. అలా జరిగిందని రోగి కేసు కాగితం మీద రాయించుకోవడమే ముఖ్యం. లేకపోతే మరో ఊళ్లో, మరో డ్యూటీ డాక్టర్ మళ్లీ అదే ఇంజెక్షన్ ఇస్తాడు. నెలల తరబడి వాడితే ముఖ కండరాలు వాటంతటవే కదిలే జబ్బు శాశ్వతంగా మిగిలిపోవచ్చని 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నల్లగీతల హెచ్చరిక పెట్టించింది.

వికారానికి ఇచ్చిన ఒక మందే ప్రపంచానికి మందుల భద్రత అంటే ఏమిటో నేర్పింది. జర్మనీలో 1957లో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను నిద్రకూ, గర్భిణుల వేవిళ్లకూ వాడారు. వేల మంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు. 1961 నవంబర్‌లో మందును వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో దాన్ని అనుమతించకుండా ఫైలు ఆపి ఉంచిన ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి వల్ల ఆ దేశం చాలావరకు గట్టెక్కింది. ఆ దెబ్బతోనే చాలా దేశాలు మందుల దుష్ప్రభావాలను లెక్కకట్టే వ్యవస్థలు పెట్టుకున్నాయి. ఆ థాలిడోమైడే ఇప్పుడు ఎముక మజ్జ క్యాన్సర్‌కు, గర్భం రాకుండా కట్టుదిట్టాల మధ్య ఇచ్చే మందు.

బెల్జియంలో పాల్ జాన్సెన్ ల్యాబ్ కథ మరీ దగ్గరిది. 1958లో హాలోపెరిడాల్, తర్వాత డ్రోపెరిడాల్, 1974లో డోమ్‌పెరిడోన్, మూడూ అక్కడివే, మూడూ వాంతుల మీద పనిచేసేవే. డోమ్‌పెరిడోన్ మెదడులోకి అంతగా చొరబడదు కాబట్టి మెడ తిరిగే బాధ తక్కువ. అందుకని కీమో రోగులకు పెద్ద మోతాదులో నరానికి ఎక్కించడం మొదలుపెట్టారు. కొందరి గుండె లయ తప్పింది, కొందరు ఉన్నట్టుండి చనిపోయారు. 1980ల మధ్యలో ఇంజెక్షన్ రూపాన్ని ప్రపంచ మార్కెట్ నుంచి తీసేశారు. మాత్ర మిగిలింది. 2014లో ఐరోపా మందుల సంస్థ ఆ మాత్రకు కూడా హద్దులు గీసింది. పెద్దలకు 10 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లకు మించొద్దు, సాధారణంగా వారం దాటొద్దు, గుండె జబ్బున్నవారికి ఇవ్వొద్దు. ఆ మందే మన ఇళ్లలో గ్యాస్‌కని పరగడుపున వేసుకునే క్యాప్సూల్‌లో నెలల తరబడి లోపలికి పోతోంది. దాని పేరు కూడా చాలామందికి తెలియదు. కీమోకు వచ్చిన రోగిని ఏం మందులు వాడుతున్నారని అడిగితే, ఆ క్యాప్సూల్‌ను మందుగా లెక్కించి చెప్పేవాళ్లు తక్కువ. ఆ అలవాటు మారాలి.

సిస్‌ప్లాటిన్ రావడంతో పోరు ముదిరింది. 1960ల్లో బార్నెట్ రోసెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద కరెంటు ప్రయోగం చేస్తుండగా ప్లాటినం గుణం బయటపడింది, 1978 చివర్లో మందుకు అనుమతి వచ్చింది. వృషణాల క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేయగలిగింది, అండాశయ క్యాన్సర్ చికిత్సను మార్చేసింది. కానీ కక్కించడంలో దానిని మించినది లేదు. 1981లో న్యూయార్క్‌లో రిచర్డ్ గ్రాలా బృందం చేసిన పరీక్షలో, ఉత్తుత్తి మందు ఇచ్చిన రోగులు మధ్యస్థంగా 10.5 సార్లు వాంతి చేసుకుంటే, మెటోక్లోప్రమైడ్‌ను బాగా పెద్ద మోతాదులో ఇచ్చినవారు ఒక్కసారికి వచ్చారు. ఇక్కడ లెక్క కన్నా దాని వెనుక మనిషి ముఖ్యం. 1983లో సిడ్నీలో కీమో రోగుల్ని అన్నిటికన్నా బాధపెట్టేది ఏమిటని అడిగితే, మొదటి స్థానం వాంతిది, రెండోది వికారానిది. జుట్టు రాలడం వాటి తర్వాతే. కొందరికి ఆసుపత్రి వాసన తగిలినా, సెలైన్ స్టాండ్ కనబడినా మందు ఎక్కకముందే డోకు వస్తుంది. శరీరం ఆ చోటును గుర్తుపెట్టుకుంటుంది. మొదటి కీమోకే వాంతిని సరిగా అదుపు చేయగలిగితే ఈ ముందస్తు వాంతి చాలావరకు పుట్టదు. అందుకే వాంతి వచ్చాక చూద్దాం అనడం పాత పద్ధతి.

అసలు మలుపు ఫెర్రెట్ అనే జంతువు ద్వారా వచ్చింది. ఎలుకలు వాంతి చేసుకోలేవు, కనుక వాటి మీద ఈ ప్రయోగాలు చెల్లవు. ఫెర్రెట్లు చేసుకుంటాయి. 1986లో ఇంగ్లండ్ పరిశోధకులు సిస్‌ప్లాటిన్ ఇచ్చిన ఫెర్రెట్లకు సెరటోనిన్‌ను ఒక ప్రత్యేక ద్వారం దగ్గర అడ్డుకునే మందులిచ్చి చూశారు, వాంతులు కట్టాయి. శరీరంలోని సెరటోనిన్‌లో ఎక్కువ భాగం పేగుల్లోనే ఉంటుంది. కీమో మందు పేగు గోడ కణాల్ని గాయపరిస్తే అవి సెరటోనిన్ విడుదల చేస్తాయి, అది వేగస్ నాడి ద్వారా మెదడుకు కబురు పంపుతుంది. ఆ కబురును ఆపేది గ్లాక్సో కంపెనీ తయారుచేసిన ఓండాన్‌సెట్రాన్. 1990లో బ్రిటన్‌లో, 1991 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. మెడ తిప్పదు, మత్తెక్కించదు. కీమో వార్డుల ముఖమే మారిపోయింది. చాలామందికి మందు ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లడం సాధ్యమైంది.

కానీ ధర? ఇక్కడే హైదరాబాద్ రెండో పాత్ర. 1960ల్లో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం వచ్చింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక, దాని తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇచ్చింది. వేరే దారిలో అదే మందు తయారుచేయడం మన రసాయన నిపుణులకు చట్టబద్ధమైంది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చినవారిలో గుంటూరు జిల్లా తాడేపల్లికి చెందిన కల్లం అంజిరెడ్డి ఒకరు. 1984లో ఆయన స్థాపించిన డాక్టర్ రెడ్డీస్, 2006 డిసెంబర్‌లో అమెరికాలో ఓండాన్‌సెట్రాన్ మాత్రలను, గ్లాక్సో పేటెంట్ ముగిసిన వెంటనే, 180 రోజుల ప్రత్యేక హక్కుతో విడుదల చేసింది. బాలానగర్‌లో మొదలైన పరంపర అలా అమెరికా ఫార్మసీ అరల దాకా వెళ్లింది. మన దేశంలో అయితే అంతకు చాలా ముందే సిప్లా వారి ఎమెసెట్ వంటి పేర్లతో పేదవాడికీ అందే ధరకు ఆ మందు వచ్చేసింది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలయ్యాక కీమో ఖర్చే ప్రభుత్వం భరించడంతో, పల్లె నుంచి ఎంఎన్‌జేకి వచ్చేవారికి ఈ మందు మరింత దగ్గరైంది. చవకగా దొరకడం గొప్ప విషయం. విచ్చలవిడిగా దొరకడం వేరు.

ఎందుకంటే గుండె ప్రశ్న మళ్లీ వచ్చింది. 2001లో ఎఫ్‌డీఏ డ్రోపెరిడాల్ మీద గుండె లయ హెచ్చరిక పెట్టింది. ఆపరేషన్ థియేటర్లలో ముప్పై ఏళ్లుగా వాడిన మందు అది. ఆ వాదం సద్దుమణగకముందే 2011లో ఓండాన్‌సెట్రాన్ మీద కూడా హెచ్చరిక. 2012లో కీమో రోగులకు ఒకేసారి 32 మిల్లీగ్రాములు నరానికి ఎక్కించే మోతాదును తీసేశారు, ఒక విడత 16 మించొద్దన్నారు. కారణం, ఈసీజీలో క్యూటీ అనే దూరం సాగిపోవడం. గుండె ఒక దెబ్బ కొట్టి మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం అది. అది మరీ సాగితే లయ గాడితప్పి ప్రాణం మీదికి వస్తుంది. మామూలు మనిషికి ఒక 4 మిల్లీగ్రాముల మాత్రతో ఈ భయం చాలా తక్కువ. కానీ వాంతులతో ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం పడిపోయినవారికి, గుండె జబ్బున్నవారికి, ఫంగస్ మందులు గానీ కొన్ని యాంటీబయాటిక్‌లు గానీ పక్కన వాడుతున్నవారికి, వయసు మళ్లినవారికి లెక్క వేరు. చాలా క్యాన్సర్ మందులే స్వయంగా క్యూటీని సాగదీస్తాయి. లారీ 1889లో పొరపడింది కూడా ఇక్కడే. ఊపిరి బాగానే ఉంటే చాలనుకున్నాడు.

మందు మీద నమ్మకం ఎలా ఏర్పడుతుంది, ఎలా చెడుతుంది అనేదానికి ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేం. ఆపరేషన్ తర్వాతి వాంతులకు ఓండాన్‌సెట్రాన్ తరహా మందే అయిన గ్రానిసెట్రాన్ అద్భుతంగా పనిచేస్తుందంటూ జపాన్‌కు చెందిన మత్తు వైద్యుడు యోషిటాకా ఫుజీ పరిశోధన పత్రాలు గుప్పించాడు. అంకెలు మరీ చక్కగా ఉన్నాయని 2000లోనే జర్మనీ వైద్యులు అనుమానం రాశారు. పన్నెండేళ్లు పట్టింది. 2012లో జపాన్ మత్తు వైద్యుల సంఘం విచారణ జరిపి ఆయన పత్రాల్లో 172లో కల్పిత అంకెలున్నాయని తేల్చింది. గ్రానిసెట్రాన్ మంచి మందే, కానీ దాని మీద పోగైన ఆధారంలో కొంత గాలిమేడ. అందుకే కొత్త మందు, ఖరీదైన మందు అనగానే ఎగబడకూడదు.

అనుమానం రాసినవారిలో ఒకడైన క్రిస్టియన్ ఆప్ఫెల్ మరో పని కూడా చేశాడు. 1999లో నాలుగు ప్రశ్నల లెక్క ఇచ్చాడు. రోగి స్త్రీయా? పొగతాగని మనిషా? ఇదివరకు ఆపరేషన్ తర్వాత వాంతులయ్యాయా, లేక బస్సులో ప్రయాణిస్తే వాంతులవుతాయా? ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ జాతి నొప్పి మందు ఇవ్వబోతున్నారా? ఏదీ లేకపోతే వాంతి అవకాశం సుమారు 10 శాతం, నాలుగూ ఉంటే దాదాపు 80. ఒక్కసారి మన ఇళ్లకు దీన్ని వర్తింపజేయండి. పొగతాగని తెలుగింటి ఆడవారికి రెండు అంశాలు ముందే ఉన్నాయి. శ్రీశైలం ఘాట్‌లో నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునే అలవాటున్న అమ్మకు మూడు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత నొప్పికి మార్ఫిన్ లాంటిది పడితే నాలుగు. అంటే ఆమె బస్సు వాంతుల సంగతి మత్తు డాక్టర్‌కు చెప్పడం ముచ్చట కాదు, వైద్య సమాచారం. తెలిస్తే ఆయన ముందుగానే డెక్సామెథాసోన్, చివర్లో ఓండాన్‌సెట్రాన్, వాయువుల బదులు ప్రొపోఫోల్ ద్వారా మత్తు, నొప్పికి నరాల బ్లాక్ అని పథకం వేసుకోగలరు. 2004లో 5,000 మందికి పైగా రోగుల మీద ఆప్ఫెల్ బృందం చేసిన పరీక్షలో ఓండాన్‌సెట్రాన్, డెక్సామెథాసోన్, డ్రోపెరిడాల్ మూడూ దేనికదే ముప్పును సుమారు నాలుగో వంతు తగ్గించాయి. ఒకే మందును రెట్టించడం కన్నా వేర్వేరు దారుల్లో పనిచేసేవి కలపడమే మేలని తేలింది.

అలా కలపడంలోనూ జాగ్రత్తలున్నాయి. డెక్సామెథాసోన్ చవకైనది, గట్టిది, కానీ షుగర్‌ను ఎగదోస్తుంది, నిద్ర చెడగొడుతుంది. మన ప్రాంతంలో షుగర్ లేని ఇల్లు లేదు. కీమో రోజు, మర్నాడు షుగర్ చూసుకోవాలి. 2003లో వచ్చిన అప్రెపిటాంట్ రెండోరోజు నుంచి ఐదోరోజు దాకా వచ్చే ఆలస్యపు వికారాన్ని బాగా ఆపింది. అది వేసుకుంటే డెక్సామెథాసోన్ మోతాదు తగ్గించాలి, వార్ఫరిన్ వాడేవారు రక్తపరీక్ష చేయించుకోవాలి, గర్భనిరోధక మాత్రల బలం కూడా తగ్గుతుంది. ఓలాంజపైన్ మానసిక రోగాల మందే, 2016 నుంచి కీమో వికారానికి పెద్ద అండ అయింది. దాంతో వచ్చే పగటి మగతకు ఉపాయం మన దేశమే చూపింది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 10 మిల్లీగ్రాముల బదులు 2.5 మిల్లీగ్రాములే ఇచ్చి, వాంతి అదుపులో తేడా లేకుండా మగత తగ్గుతుందని 2024లో చూపించారు. తక్కువ మోతాదు, తక్కువ ఖర్చు. మనకు కావలసిన పరిశోధన ఇలాంటిదే.

ఓండాన్‌సెట్రాన్ మలబద్ధకం తెస్తుంది. మార్ఫిన్ కూడా తెస్తుంది. రెండూ కలిస్తే పొట్ట ఉబ్బి, అదే మళ్లీ వికారం. పొట్ట క్యాన్సర్ రోగికి వాంతులు ఆగకపోతే అది పేగు మూసుకుపోవడం కావచ్చు, అప్పుడు పేగును తోసే మెటోక్లోప్రమైడ్ ప్రమాదం. తలనొప్పితో పాటు వాంతులైతే మెదడు వైపు చూడాలి. ఇలాంటివి ఇంట్లో మాత్ర మీద మాత్ర వేస్తూ కూర్చుంటే కప్పబడిపోతాయి. ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, వాంతిలో రక్తం కనబడినా, జ్వరం తోడైనా దుకాణానికి కాదు, ఆసుపత్రికి పోవాలి. అల్లం రసం, మజ్జిగ తేట, కొద్దికొద్దిగా చల్లని ఆహారం మంచివే. అవి మందుకు తోడు, మందుకు బదులు కావు.

ఉపవాసం సంగతి కూడా మారింది. ఇప్పటి మార్గదర్శకాలు చాలామంది రోగులకు మత్తుకు 6 గంటల ముందు దాకా తేలికపాటి ఆహారం, 2 గంటల ముందు దాకా మంచినీళ్లు, పాలు కలపని టీ అనుమతిస్తాయి. లిస్టర్ చెప్పినదే ఇది. రాత్రంతా గొంతు ఎండబెట్టడం మేలు చేయదు. ఐటీ కారిడార్‌లో బరువు తగ్గడానికి సెమాగ్లూటైడ్ వంటి ఇంజెక్షన్లు తీసుకునేవారు పెరిగారు. ఆ మందు కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తుంది. ఉపవాసం ఉన్నా కడుపులో ఆహారం మిగలవచ్చు. ఆ ఇంజెక్షన్ సంగతి సర్జన్‌కూ మత్తు డాక్టర్‌కూ తప్పక చెప్పాలి. ఎవరికి ఎన్ని గంటలన్నది ఆ డాక్టరే నిర్ణయిస్తారు.

గోపన్‌పల్లి నుంచి ఆపరేషన్‌కో కీమోకో వెళ్లేవారు ఒక కాగితం వెంట తీసుకెళ్లాలి. ఇప్పుడు వాడుతున్న ప్రతి మందు పేరు, గ్యాస్ క్యాప్సూల్‌తో సహా. గుండె జబ్బు, ఫిట్స్, షుగర్ ఉంటే ఆ వివరం. ఇదివరకు ఏ ఇంజెక్షన్‌కు మెడ తిరిగిందో, ఏ ప్రయాణంలో వాంతులవుతాయో అది కూడా. డాక్టర్ అడగకపోయినా ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి. వాంతి మందు వేసుకున్నాక గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, మెడ బిగుసుకోవడం వంటివి కనిపిస్తే చికిత్స చేయించుకున్నాక ఆ సంగతిని నమోదు చేయించండి. మందుల దుష్ప్రభావాలను లెక్కించే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. రోగులు కూడా నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024.